రాయి వదలని బంగారం

పెద్ద ఓపెన్‌కాస్ట్ గనుల్లో టన్ను రాయికి ఒక గ్రాము బంగారం ఉంటే దాన్ని తవ్వదగిన ముడిఖనిజంగానే లెక్కవేస్తారు. ఆ గ్రామునంతా ఒకచోటికి చేర్చగలిగితే అంచు పొడవు నాలుగు మిల్లీమీటర్లు కూడా లేని చిన్న ఘనం అవుతుంది. అయితే అది ఒకచోట ఉండదు. పది లక్షల వంతుల రాయిలో ఒక వంతుగా, కంటికే కాక చాలాసార్లు మామూలు సూక్ష్మదర్శినికి కూడా అందనంత సన్నగా చెదిరి ఉంటుంది. దాన్ని నీటిలోకి దింపగల రసాయనం సయనైడు అని 19వ శతాబ్దంలోనే తెలిసిపోయింది. అలాంటప్పుడు కెమికల్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్లు బంగారపు ముడిఖనిజాల మీద ఇప్పటికీ ఏళ్ల తరబడి పరిశోధన చేయడం దేనికి?

ఈ సందేహం సహజమైనదే. బంగారం తీయడమంటే తగిన ద్రావకం కోసం వెతకడమేనని చాలామంది అనుకుంటారు. నిజానికి అసలు చిక్కు ద్రావకం దగ్గర లేదు. ద్రావకం బంగారం దాకా చేరుతుందా, చేరితే ఎంత వేగంగా పనిచేస్తుంది, దారిలో దాన్ని ఇంకెవరు తినేస్తున్నారు, కరిగిన బంగారాన్ని తిరిగి ఎవరు లాక్కుంటున్నారు అన్న నాలుగు ప్రశ్నల దగ్గర ఉంది. ఈ రంగంలో గత నూటముప్పై ఏళ్లుగా జరిగిన పరిశోధనలో చాలా భాగం ఈ నాలుగింటి చుట్టూనే తిరిగింది.

బంగారం సయనైడులో కరుగుతుందన్న సంగతి పరిశ్రమకు అవసరం పడక ముందే ప్రయోగశాలలో తెలుసు. 1846లో ఎల్స్‌నర్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఈ చర్యకు గాలిలోని ఆక్సిజన్ కూడా తప్పనిసరి అని చూపాడు. ఆయన పేరుతోనే పిలిచే సమీకరణం ప్రకారం నాలుగు బంగారు పరమాణువులు కరగాలంటే ఎనిమిది సయనైడు అయాన్లు, ఒక ఆక్సిజన్ అణువు, రెండు నీటి అణువులు కావాలి. పరిశ్రమకు ఈ సంగతితో పని పడింది మాత్రం నాలుగు దశాబ్దాల తరవాత. 1886లో దక్షిణాఫ్రికాలోని విట్‌వాటర్స్‌రాండ్‌లో బంగారు నిక్షేపాలు బయటపడ్డాయి. పైపొరల్లోని రాయి గాలికి, వానకు మెత్తబడి, అందులోని బంగారం విడిగా ఉండేది కాబట్టి పాదరసంతో పట్టుకోవడం సులువైంది. గనులు లోతుకు దిగాక పైరైటు, అంటే ఇనుప సల్ఫైడు నిండిన రాయి ఎదురైంది. అక్కడ పాదరసం సరిగా పనిచేయలేదు, రాబడి పడిపోయింది. గ్లాస్గోలో జాన్ స్టూవర్ట్ మెకార్థర్, ఫారెస్ట్ సోదరులు కలిసి 1887లో పేటెంటు పొందిన సయనైడు పద్ధతి ఆ గనులను నిలబెట్టింది.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేస్తే విషయంలోని లోతు కనిపిస్తుంది. ఎల్స్‌నర్ సమీకరణం ప్రకారం ఒక గ్రాము బంగారం కరగడానికి అర గ్రాము సోడియం సయనైడు సరిపోతుంది. కాని కర్మాగారంలో ఆ ఒక్క గ్రాము ఉన్న టన్ను రాయి మీద కొన్ని వందల గ్రాములు, ఒక్కోచోట కిలోకు పైగా సయనైడు ఖర్చవుతుంది. తక్కినదంతా ఎక్కడికి పోయింది? రాగి ఖనిజాలు కొంత లాగేసుకుంటాయి. సల్ఫైడుల్లోని గంధకంతో కలిసి కొంత థయోసయనేటుగా మారుతుంది. ఇనుముతో కొంత బిగుసుకుపోతుంది. ద్రావణంలో క్షారత తగ్గితే కొంత హైడ్రోజన్ సయనైడు అనే విషవాయువుగా లేచిపోతుంది. ఆ వాయువును ఆపడానికే రాతిపొడి, నీరు కలిసిన ముద్దలో సున్నం కలిపి పీహెచ్‌ను పదిన్నర దగ్గర నిలబెడతారు. పీహెచ్ సుమారు 9.2 ఉన్నచోట సయనైడులో సగం వాయురూపానికి సిద్ధంగా ఉంటుంది కాబట్టి ఈ సున్నం కార్మికుల ప్రాణాలకు అడ్డుగోడ. దాన్ని ఖర్చు తగ్గించే చిట్కాగా మాత్రమే చూపించే పుస్తకాలంటే నాకు గిట్టదు.

వేగం ఎవరి చేతిలో ఉంది?

బంగారం కరిగే వేగాన్ని ఏది నిర్ణయిస్తుందన్న ప్రశ్నకు జవాబు దొరికిన తీరు ఈ శాస్త్రంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ. ఎల్స్‌నర్ సమీకరణం ఏమేం కలుస్తాయో చెబుతుంది, ఎలా కలుస్తాయో చెప్పదు. 1896లో బోడ్‌లాండర్ ఈ చర్య మధ్యలో హైడ్రోజన్ పెరాక్సైడు పుడుతుందని కనుగొన్నాడు. ఆ తరవాత 1947లో థాంప్సన్ అనే పరిశోధకుడు చేసిన ప్రయోగం చాలా సరళమైనది, చాలా లోతైనది కూడా. పొటాషియం సయనైడు కలిపిన గట్టి జెల్‌లో చిన్న బంగారు గోళాలను నిలిపి, ఒకే వైపు నుంచి గాలి తగిలేలా చేశాడు. గాలి తగిలిన వైపు బంగారం కరుగుతుందని ఎవరైనా అనుకుంటారు. కరిగింది మాత్రం అవతలి వైపు. గాలి తగిలిన ముఖం చెక్కుచెదరలేదు.

దీని అర్థం ఏమిటంటే, ఒక్కో బంగారు రేణువూ ఒక బుల్లి బ్యాటరీ. దాని ఉపరితలంలో ఒక భాగం మీద ఆక్సిజన్ వచ్చి ఎలక్ట్రాన్లను తీసుకుంటుంది. ఆ ఎలక్ట్రాన్లు లోహం గుండానే ప్రయాణించి వస్తాయి, ఎందుకంటే ఇంకోచోట బంగారం ఎలక్ట్రాన్లను విడిచి, సయనైడుతో జతకట్టి నీటిలోకి దిగిపోతూ ఉంటుంది. ఇనుము తుప్పు పట్టడంలో జరిగేదీ ఇదే. ఎప్పటికీ తుప్పు పట్టదని పేరున్న లోహం సయనైడు నీటిలో సరిగ్గా తుప్పు పట్టే పద్ధతిలోనే కరుగుతోందన్నమాట. 1954లో కుడ్రిక్, కెలాగ్ విద్యుత్ కొలతలతో దీన్ని గట్టిగా నిలబెట్టారు.

ఈ అవగాహనను ఇంజినీర్లు వాడుకోదగిన లెక్కగా మార్చినవారిలో ఫాతీ హబాషీ ముఖ్యులు. ఆయన కైరోలో కెమికల్ ఇంజినీరింగ్ చదివి, వియన్నాలో డాక్టరేట్ చేసి, తరవాత కెనడాలోని లావల్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌గా పనిచేశారు. 1967లో అమెరికాలోని మోంటానా రాష్ట్ర గనుల, భూగర్భ శాస్త్ర విభాగం ప్రచురించిన ఆయన రచన ఈ విషయంలో మూలస్తంభం లాంటిది. ఆయన వాదన ఇలా సాగుతుంది. బంగారం ఉపరితలం మీద చర్య చాలా వేగంగా జరుగుతుంది. ఆలస్యమంతా సయనైడు, ఆక్సిజన్ అణువులు ఆ ఉపరితలాన్ని అంటిపెట్టుకుని ఉండే పలుచని నిశ్చల నీటిపొరను దాటి రావడంలోనే. ఆక్సిజన్ చాలావరకు బోడ్‌లాండర్ చూసిన హైడ్రోజన్ పెరాక్సైడు దగ్గరే ఆగిపోతుంది కాబట్టి, ఒక ఆక్సిజన్ అణువుకు ఎల్స్‌నర్ సమీకరణంలోలా ఎనిమిది కాక నాలుగు సయనైడు అయాన్లే కావాలి. అయితే నీటిలో ఆక్సిజన్ సయనైడు కంటే ఒకటిన్నర రెట్లు చురుగ్గా వ్యాపిస్తుంది. నాలుగును ఒకటిన్నరతో గుణిస్తే ఆరు వస్తుంది. అంటే ద్రావణంలో సయనైడు గాఢత ఆక్సిజన్ గాఢతకు ఆరు రెట్లు ఉన్నప్పుడు రెండూ సమానంగా అందుతాయి.

ఈ ఆరు అనే అంకెను కర్మాగారం నేల మీదికి దింపి చూద్దాం. మామూలు గాలితో, సముద్రమట్టం దగ్గర, 25 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు నీటిలో దాదాపు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ మాత్రమే కరుగుతుంది. దానికి సరిజోడు అయ్యే సోడియం సయనైడు లీటరుకు సుమారు 75 మిల్లీగ్రాములు. ఇతర ఖనిజాలు తినేయకుండా ఉంటే అంతకు మించి ఎంత పోసినా బంగారం ఇంకాస్త వేగంగా కరగదు, ఎందుకంటే అప్పటికే ఆక్సిజన్ కొరత వచ్చేసింది. వేగం కావాలంటే పెంచాల్సింది ఆక్సిజన్‌ను. రాబడి తగ్గిందంటే ముందు సయనైడు పెంచే పాత అలవాటు తప్పని ఈ చిన్న లెక్క తేల్చిచెప్పింది. తొట్టెల అడుగు నుంచి గాలికి బదులు స్వచ్ఛమైన ఆక్సిజన్ పంపే కర్మాగారాలు ఈ తర్కాన్నే నమ్ముకున్నాయి. విషపదార్థం వాడకాన్ని తగ్గించి రాబడి పెంచే అవకాశం ఒక సమీకరణంలో దొరకడం కంటే ప్రొఫెసర్ పనికి సార్థకత ఇంకేముంటుంది?

వేగానికి ఇంకో కోణం రేణువు పరిమాణం. గాలితో నడిచే సయనైడు ద్రావణంలో, పరిస్థితులు ఎంత అనుకూలంగా ఉన్నా, చదరపు సెంటీమీటరు బంగారం మీద నుంచి గంటకు కరిగేది మూడు మిల్లీగ్రాముల పైచిలుకు. దీన్ని మందంలోకి మారిస్తే ఒక్కో ముఖం నుంచి గంటకు 1.7 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). 44 మైక్రాన్ల మందమున్న రేకు రెండు వైపుల నుంచీ కరిగిపోవడానికి పదమూడు గంటలు పడుతుంది. 150 మైక్రాన్ల రేకుకు దాదాపు నలభై అయిదు గంటలు. తొట్టెల్లో ముద్ద ఉండేది సాధారణంగా ఒకటి రెండు రోజులే కాబట్టి, ముతక బంగారాన్ని బరువు ఆధారంగా ముందే వేరుచేయకపోతే అది సగం కరిగి వ్యర్థంలోకి జారిపోతుంది.

ప్రయోగశాలలో రోగనిర్ధారణ

ఒక గని నుంచి కొత్త ముడిరాయి నమూనా విశ్వవిద్యాలయ ప్రయోగశాలకు వచ్చిందనుకుందాం. మొదట అందులో ఎంత బంగారం ఉందో తెలియాలి. దీనికి ఇప్పటికీ నమ్మదగిన పద్ధతి కొన్ని వేల ఏళ్ల నాటి పుటం పెట్టడమే. ముప్పై గ్రాముల రాతిపొడిని సీసపు ఆక్సైడు, సోడా, బోరాక్సు, కొద్దిగా పిండితో కలిపి మూసలో పోసి సుమారు వెయ్యి డిగ్రీల వద్ద కరిగిస్తారు. రాయి గాజులాంటి చిట్టెంగా పైకి తేలుతుంది. పిండిలోని కార్బన్ వల్ల సీసపు ఆక్సైడు నుంచి పుట్టిన సీసపు బొట్లు వానలా కిందికి దిగుతూ బంగారాన్ని, వెండిని కూడగట్టుకుని అడుగున ముద్దవుతాయి. ఆ సీసపు ముద్దను ఎముకల బూడిదతో చేసిన చిన్న గిన్నెలో పెట్టి మళ్లీ వేడిచేస్తే సీసం ఆక్సైడుగా మారి గిన్నెలోకి ఇంకిపోతుంది. చివరి సీసపు పొర తొలగిన క్షణాన మిగిలిన పూస ఒక్కసారి తళుక్కుమని మెరుస్తుంది. ఆ మెరుపును చూడడానికి కొలిమి తలుపు దగ్గర కాచుకుని కూర్చునేవారు పరీక్షకుల్లో ఇప్పటికీ ఉన్నారు. టన్నుకు ఒక గ్రాము ఉన్న రాయి అయితే ఆ పూసలోని బంగారం ముప్పై మైక్రోగ్రాములు. నమూనాలో ఒక్క ముతక బంగారు రేణువు ఎక్కువ పడినా తక్కువ పడినా ఫలితం తారుమారవుతుంది కాబట్టి, ఒకే పరీక్షను నమ్మి మాట్లాడేవారిని ఈ రంగంలో ఎవరూ లెక్కచేయరు.

తరవాత సీసా దొర్లించే పరీక్ష. పొడిచేసిన రాయిని, నీటిని, సున్నాన్ని, సయనైడును ఒక సీసాలో పోసి, రెండు రోలర్ల మీద ఒక రోజో రెండు రోజులో నెమ్మదిగా దొర్లనిస్తారు. మధ్యమధ్య కొద్దికొద్దిగా ద్రావణం తీసి వెండి నైట్రేటుతో కొలుస్తారు. సూచిక కలిపిన పసుపురంగు ద్రావణం, స్వేచ్ఛగా ఉన్న సయనైడు అయిపోయిన బొట్టు దగ్గర లేత గులాబీ ఛాయకు తిరుగుతుంది. ఎంత సయనైడు మిగిలింది, ఎంత బంగారం నీటిలోకి వచ్చింది అన్నవి గంటల వారీగా గీస్తే ఒక వక్రరేఖ వస్తుంది. ఆ రేఖ నూటికి తొంభై దగ్గర ఆగితే సమస్య లేదు. నలభై దగ్గర ఆగి, ఇంకో రోజు దొర్లించినా కదలకపోతే, అది మొండి ఖనిజం.

ఇప్పుడు తేల్చాల్సింది మిగిలిన అరవై వంతులు ఎక్కడ దాక్కున్నాయన్నది. దీనికి వరస కరిగింపు అనే పద్ధతి ఉంది. మొదటి విడత సయనైడుకు లొంగినదాన్ని పక్కన పెట్టి, మిగిలిన రాయిని మృదువైన ఆమ్లంతో కడిగి కార్బనేట్ల వంటి ఖనిజాలను కరిగిస్తారు. మళ్లీ సయనైడు వేస్తే ఇప్పుడు బయటపడిన బంగారం ఆ ఖనిజాల్లో ఉన్నదని తెలుస్తుంది. తరవాత నైట్రిక్ ఆమ్లంతో పైరైటును, ఆర్సెనిక్ కూడా ఉండే దాని బంధువు ఆర్సెనోపైరైటును కరిగించి మళ్లీ సయనైడు. తరవాత మండించి కార్బన్‌ను తొలగించి మళ్లీ సయనైడు. చివరికీ లొంగనిది స్ఫటికశిలలో చిక్కుకున్నది. వైద్యుడు మందు రాసే ముందు పరీక్షలు చేయించినట్టే ఇది. ఏ చికిత్స చేయాలో ఈ పట్టిక చూస్తే గాని తెలియదు, దీన్ని దాటేసి నేరుగా యంత్రాలు కొన్న గని మాత్రం దేవుడి మీద భారం వేసినట్టే.

తాళం తీసే మూడు దారులు

మొండి ఖనిజాల్లో పెద్ద వర్గం సల్ఫైడుల్లో బంగారం బందీ అయినది. పైరైటు, ముఖ్యంగా ఆర్సెనిక్ కలిసిన పైరైటు స్ఫటికం పెరుగుతున్నప్పుడే బంగారం దానిలో చొరబడి, ఒక్కో పరమాణువుగా స్ఫటిక జాలకంలోనే ఇమిడిపోతుంది. దీన్ని కంటికి కనపడని బంగారం అంటారు. ఎంత మెత్తగా దంచినా పరమాణువును దంచి బయటికి తీయలేం. స్ఫటికాన్నే ఆక్సీకరణం చేసి కూల్చాలి.

అందుకు పాత దారి కాల్చడం. సల్ఫైడును గాలిలో వేడిచేస్తే గంధకం వాయువుగా పోయి, రంధ్రాలు నిండిన ఇనుప ఆక్సైడు మిగులుతుంది. ఆ రంధ్రాల గుండా సయనైడు లోపలికి పోగలదు. ఆర్సెనిక్ మాత్రం ట్రైఆక్సైడు పొడిగా, నీటిలో కరిగే తీవ్ర విషంగా బయటికి వస్తుంది. కెనడాలోని యెల్లోనైఫ్ పక్కన 1948 నుంచి 2004 వరకు నడిచిన జెయింట్ గనిలో ఇలా పోగైన 2,37,000 టన్నుల ఆర్సెనిక్ ట్రైఆక్సైడు ధూళిని భూగర్భ గదుల్లో నింపారు. అది నీటిలో కలవకుండా చుట్టూ ఉన్న రాతిని గడ్డకట్టించి ఉంచాలన్నది అక్కడ ఎంచుకున్న మార్గం. గని మూతపడింది, కాపలా మాత్రం ముగియదు. ఇంత భారాన్ని రాబోయే తరాలకు అప్పగించిన ప్రక్రియను చవకైనదని పిలవడం లెక్క తప్పు చేయడమే.

రెండో దారి ఆటోక్లేవు. పెద్ద గొట్టపు ఆకారంలో, లోపలి గోడకు సీసపు పొర, దాని మీద ఆమ్లాన్ని తట్టుకునే ఇటుకలు పరచిన పీడన పాత్ర ఇది. 190 నుంచి 230 డిగ్రీల దాకా వేడి, మామూలు వాతావరణ పీడనానికి ముప్పై రెట్లకు అటూ ఇటూ పీడనం, లోపలికి స్వచ్ఛమైన ఆక్సిజన్. పైరైటు గంటలోపే కూలిపోయి గంధకం సల్ఫ్యూరిక్ ఆమ్లంగా నీటిలోనే ఉండిపోతుంది, పొగగొట్టం అవసరం లేదు. ఆర్సెనిక్ తిరిగి ఇనుముతో కలిసి స్కోరొడైటు వంటి సులువుగా కరగని ఘనంగా దిగిపోతుంది. 1985లో కాలిఫోర్నియాలోని మెక్‌లాఫ్లిన్ గనిలో ఇది బంగారం కోసం పెద్ద ఎత్తున మొదలైంది. ఉష్ణోగ్రత ఎందుకు అంత ఎక్కువ అన్నది కెమికల్ ఇంజినీరు తేల్చిన విషయాల్లో ఒకటి. వేడి చాలకపోతే గంధకం పూర్తిగా ఆక్సీకరణం కాకుండా మూలక గంధకంగా ఆగిపోతుంది. అది గంధకపు ద్రవీభవన స్థానం దాటిన వేడిలో జిగట ద్రవమై ఖనిజ రేణువులకు పూతలా పట్టి, ఇంకా కరగాల్సిన పైరైటును కప్పేస్తుంది. పైగా ఆ తరవాత సయనైడును కూడా తినేస్తుంది. వేడి పెంచి గంధకాన్ని పూర్తిగా సల్ఫేటుకు తోసేస్తే రెండు ఇబ్బందులూ తొలగుతాయి. అయితే ఆ మేరకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి, పుట్టిన ఆమ్లాన్ని చల్లార్చడానికి సున్నపురాయి ఎక్కువ కావాలి. ఈ బేరంలో ఎక్కడ ఆగాలన్నది ఒక్కో రాయికి ఒక్కోలా ఉంటుంది, దాన్ని ప్రయోగం చేసి తెలుసుకోవలసిందే.

మూడో దారి ప్రాణులది. గనుల నుంచి కారే ఆమ్లపు నీటిలో, ఇనుమును ఆక్సీకరణం చేసి ఆ శక్తితో బతికే బ్యాక్టీరియా ఉన్నట్టు 1947లో కోల్మర్, హింకిల్ చూపారు. ఈ జీవులు పైరైటును కొరికి తినవు. ఫెర్రస్ ఇనుమును ఫెర్రిక్ ఇనుముగా మారుస్తాయి. ఆ ఫెర్రిక్ ఇనుము సల్ఫైడు మీద దాడిచేసి తాను తిరిగి ఫెర్రస్ అవుతుంది. బ్యాక్టీరియా మళ్లీ దాన్ని ఫెర్రిక్‌గా మారుస్తాయి. అంటే ఆయుధానికి పదునుపెట్టేది వాటి పని. 1986లో దక్షిణాఫ్రికాలోని బార్బర్టన్ దగ్గరి ఫెయిర్‌వ్యూ గనిలో దీన్ని తొట్టెల్లో నడపడం మొదలైంది. నలభై డిగ్రీల వేడి, మామూలు వాతావరణ పీడనం, నాలుగైదు రోజుల వ్యవధి. ఆటోక్లేవులో గంటలో అయ్యేది ఇక్కడ రోజులు తీసుకుంటుంది, కాని పాత్రలు చవక, నడపడం తేలిక. చర్యలో వేడి విపరీతంగా పుడుతుంది కాబట్టి తొట్టెల్లోని గొట్టాల ద్వారా చల్లటి నీరు ఆగకుండా తిరగాలి. చల్లబరచడం కాసేపు ఆగితే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి, మళ్లీ పెంచుకోవడానికి వారాలు పడుతుంది. కాల్చడం పోను మిగిలిన ఈ రెండు దారుల్లో ఏది మేలన్న చర్చ తరచుగా సిద్ధాంత వైరంలా సాగుతుంది. నా దృష్టిలో అది గని పరిమాణాన్ని బట్టి, రాతిలోని గంధకం శాతాన్ని బట్టి తేలవలసిన లెక్క మాత్రమే.

దొంగతనం చేసే రాయి

తాళం తీశాక కూడా బంగారం దక్కకపోవచ్చు. కొన్ని రాళ్లలో సహజమైన సేంద్రియ కార్బన్ ఉంటుంది, అమెరికాలోని నెవాడాలో కార్లిన్ ప్రాంతపు నిక్షేపాలు దీనికి పేరుపడ్డవి. సయనైడు బంగారాన్ని కరిగించి నీటిలోకి తీసుకువస్తే, ఆ కార్బన్ దాన్ని తిరిగి పట్టేసుకుని వ్యర్థంతో పాటు వెళ్లిపోతుంది. చేతికందిన బంగారాన్ని రాయే దోచుకోవడమిది.

విచిత్రమేమిటంటే కర్మాగారాలు బంగారాన్ని పట్టుకునేది కూడా కార్బన్‌తోనే. కొబ్బరి చిప్పలను కాల్చి, ఆవిరితో లోపల అసంఖ్యాకమైన రంధ్రాలు తెరిపించిన యాక్టివేటెడ్ కార్బన్ ఒక్క గ్రాములో దాదాపు వెయ్యి చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. అంతకుముందు బంగారపు ద్రావణాన్ని రాతిపొడి నుంచి వడకట్టి, తేటపరచి, జింకు పొడి కలిపి బంగారాన్ని దింపేవారు. బంకమన్ను ఎక్కువున్న రాళ్లతో ఆ వడపోతే పెద్ద తలనొప్పి. 1973లో అమెరికాలోని హోమ్‌స్టేక్ గని ఆ వడపోతను వదిలేసి, బురద ముద్దలోనే నేరుగా బొగ్గు గింజలు వేసి బంగారాన్ని పట్టే పద్ధతిని పెద్ద ఎత్తున నడిపింది. గింజలు ముతకగా, రాతిపొడి సన్నగా ఉంటాయి కాబట్టి జల్లెడతో వేరుచేస్తే చాలు. బొగ్గు పట్టిన బంగారాన్ని వేడి క్షార ద్రావణంతో విడిపించి, విద్యుత్తుతో ఉక్కు పీచు మీద పూతగా దించి, కరిగించి కడ్డీ పోస్తారు.

దొంగ కార్బన్ ఉన్న రాయికి మొదటి మందు ఈ పోటీయే. సయనైడుతో పాటే, అదే తొట్టెలో, రాతిలోని కార్బన్ కంటే చురుకైన బొగ్గు గింజలు వేస్తే బంగారం కరిగిన వెంటనే వాటివైపు పోతుంది. కార్బన్ మరీ చురుకైనదైతే ఈ పోటీ ఓడిపోతుంది. అప్పుడు వేరే ద్రావకం వెతకాలి, థయోసల్ఫేటు రంగంలోకి వచ్చేది ఇక్కడే. పాత ఫొటో స్టూడియోల్లో హైపో అని పిలిచిన పదార్థం ఇదే. థయోసల్ఫేటుతో బంగారం ఏర్పరిచే అయాను కార్బన్ మీద దాదాపు అంటుకోదు. కాబట్టి రాతిలోని దొంగ చేతులు కట్టేసినట్టే. కాని చిక్కు వెంటనే తలెత్తుతుంది. దొంగకు అంటుకోనిది మన బొగ్గు గింజలకూ అంటుకోదు. పట్టుకోవడానికి ప్రత్యేకమైన రెజిన్ గింజలు కావాలి. థయోసల్ఫేటు కరిగించే వేగం కూడా తక్కువ. రాగి, అమ్మోనియా తోడు ఇస్తే వేగం పెరుగుతుంది గాని, ఆ రాగే థయోసల్ఫేటును టెట్రాథయోనేటు వంటి పదార్థాలుగా విరగ్గొడుతుంది, అవి పోయి రెజిన్‌లో బంగారం కూర్చోవాల్సిన చోట్లను ఆక్రమిస్తాయి. ఒక ముడి విప్పితే ఇంకో ముడి బిగుసుకునే ఈ రసాయనాన్ని దారికి తేవడానికి దశాబ్దాలు పట్టింది. ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓతో కలిసి బారిక్ కంపెనీ నెవాడాలోని గోల్డ్‌స్ట్రైక్ గనిలో 2014 చివర్లో దీన్ని పెద్ద ఎత్తున నడిపింది. సయనైడు లేని బంగారం అని దీన్ని గురించి విన్నప్పుడు చాలామంది పర్యావరణ కారణాలే అనుకుంటారు. అక్కడ థయోసల్ఫేటు ఎన్నికకు అసలు కారణం రాతిలోని కార్బన్.

పర్యావరణ కారణం చిన్నదని దీని అర్థం కాదు. 2000 జనవరి 30న రుమేనియాలోని బయా మారె దగ్గర వ్యర్థాల చెరువు గట్టు తెగి, దాదాపు లక్ష ఘనపు మీటర్ల సయనైడు నీరు వాగుల గుండా టిసా నదిలోకి, అక్కడి నుంచి డాన్యూబ్‌లోకి చేరింది. హంగరీలో నది పొడవునా చేపలు చచ్చి తేలాయి. ఆ తరవాతే సయనైడు నిర్వహణకు అంతర్జాతీయ నియమావళి రూపొందింది. చెరువులోకి వదిలే ముందు గంధక డయాక్సైడు, గాలి, కొద్దిగా రాగి ఉత్ప్రేరకంతో సయనైడును సయనేటుగా మార్చే పద్ధతి అంతకుముందే ఉంది. మార్గం తెలిసినా వాడని చోట ప్రమాదం జరిగితే, దాన్ని రసాయన శాస్త్రం మీదికి నెట్టడం నేను ఒప్పుకోను.

తక్కిన విలువైన లోహాల సంగతి వేరు. వెండి సయనైడులో కరుగుతుంది గాని నెమ్మదిగా, పైగా సల్ఫైడు రూపంలో ఉంటే ఇంకా మొండికేస్తుంది. ప్లాటినం మామూలు ఉష్ణోగ్రతలో సయనైడును దాదాపు పట్టించుకోదు, కాబట్టి దక్షిణాఫ్రికాలోని మెరెన్‌స్కీ పొర వంటి ఖనిజాన్ని నురుగు మీద తేలదీసి, కొలిమిలో కరిగించి, నికెల్, రాగి సల్ఫైడుల ముద్దలోకి ప్లాటినం వర్గ లోహాలను కూడగట్టాకే ఆమ్లంతో, క్లోరిన్‌తో వేరుచేయడం మొదలవుతుంది.

విట్‌వాటర్స్‌రాండ్‌లో మెకార్థర్ పద్ధతి తొలినాళ్ల నుంచి పోగైన వ్యర్థపు దిబ్బలు జొహానెస్‌బర్గ్ చుట్టూ పసుపు గుట్టలుగా నిలిచి ఉన్నాయి. 1970ల చివర నుంచి వాటిని గట్టి నీటిధారతో కరిగించి, బురదను గొట్టాల ద్వారా కొత్త కర్మాగారాలకు పంపి, అందులో మిగిలిన బంగారాన్ని మళ్లీ తీస్తున్నారు. ఆ బురదలో టన్నుకు ఉండేది గ్రాములో కొంత భాగమే. అయినా రాయిని తవ్వే ఖర్చు, దంచే ఖర్చు ఎప్పుడో తాతల కాలంలో తీరిపోయాయి కాబట్టి లెక్క కుదురుతోంది. ఆ గుట్టల నుంచి తీసిన నమూనాలు కూడా అందరికంటే ముందు సీసాల్లోకి ఎక్కి, రోలర్ల మీద ఒక రోజు దొర్లాకే కర్మాగారానికి చేరతాయి.